నలభై ఏడో నెంబరు ఇంటిపేరు

శ్లాబు వేసిన మర్నాటి నుంచి ఇరవై ఒక్క రోజులు తడపాలని చెప్పి మేస్త్రి చేతులు దులుపుకున్నాడు. "నీళ్ళు బాగా తాగితేనేనమ్మా శ్లాబు గట్టిపడేది. ఇప్పుడు బద్ధకిస్తే రేపు వానకి మీ నెత్తి మీదే కారుద్ది" అన్నాడు. ఎవరు తడపాలో అతనూ చెప్పలేదు, అక్కడున్న ఇద్దరు మగవాళ్ళూ అడగలేదు. అన్నం ఎవరు వండాలని ఏ ఇంట్లోనైనా అడుగుతారా ఏంటి? ఇదీ అంతే.

సౌభాగ్యలక్ష్మి రోజూ తెల్లారకముందే లేచి, బావగారింట్లో ఎనిమిది మందికి టిఫినూ, మధ్యాహ్నానికి అన్నం, పప్పు, ఒక వేపుడూ చేసి మూతలు పెట్టి, ముసునూరు రోడ్డు వెంట రెండు కిలోమీటర్లు నడిచి కాలనీకి వచ్చేది. కాలనీ మొత్తానికి ఒకటే బోరింగు. అది కొట్టి, బిందె నింపి, చంకన పెట్టుకుని, వెదురు నిచ్చెన ఎక్కాలి. శ్లాబు మీద మేస్త్రి మట్టితో గట్లు కట్టి చిన్న చిన్న మళ్ళు చేసిపోయాడు. వాటిలో నీళ్ళు నిలబడాలి. మొదటి రోజు బిందె కుమ్మరించి, నీళ్ళు గట్టు దాకా పాకడం చూసి ఆమెకి నవ్వొచ్చింది. ఈదరవారి కోడలిగా వచ్చిన కొత్తలో మూడెకరాల మామిడి తోట, ఎకరం మాగాణి చూపించి "ఇదంతా నీదేనమ్మా" అన్నారు. అందులో గజం కూడా ఆమెది కాదని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇప్పుడు ఆకాశంలో అర సెంటు మాగాణి దొరికింది. పంట ఏం వేయాలో తెలియదు గానీ, నీళ్ళు పెడుతుంటే మాత్రం మనసు చల్లగా ఉండేది.

"ఏం సౌభాగ్యమక్కా, ఇవాళ మీ చేలో నీళ్ళు పారినయ్యా?" కింద నుంచి కేకేసింది తబితా. పక్క స్థలం, నలభై ఆరో నెంబరు, ఆమెది.

"పారాయిలే. మీ చేను ఎప్పుడు దున్నుతున్నావు?"

"రాడ్డు వస్తే కంకర రాదు. కంకర వస్తే మేస్త్రి రాడు. అందరూ వచ్చేసరికి నాకు మనవలు వస్తారు."

తబితా రోడ్డు మీదున్న ప్యాకింగ్ షెడ్డులో కాయలు గ్రేడింగ్ చేస్తుంది. సీజన్ లేనప్పుడు కూలికి పోతుంది. సౌభాగ్యం రాలేని రోజున ఆమే నిచ్చెన ఎక్కి శ్లాబు తడిపేది. ఆమె ఇంటి గోడలు లేస్తున్నప్పుడు వాటిని సౌభాగ్యం తడిపింది. ఊళ్ళో అయితే ఈ ఇద్దరూ ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడి మాట్లాడుకునే అవకాశమే లేదు. అక్కడ ఏ వీధి ఎవరిదో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కాలనీలో స్థలాలు లాటరీ తీసి ఇచ్చారు. డబ్బాలో చెయ్యి పెట్టి తీసే చీటీకి వీధులు తెలియవు కదా. ఆ రోజు నలభై ఏడు సౌభాగ్యానికీ, నలభై ఆరు తబితాకీ వచ్చాయని తెలిసి అత్తగారు బసవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మార్పించుకోరాదూ? ఆ రవితేజని అడిగితే చెయ్యడూ?" అంది. రవితేజ గ్రామ సచివాలయంలో ఇళ్ళ పనులు చూసే కుర్ర ఇంజనీరు. సౌభాగ్యం అతన్ని అడగలేదు.

అసలు స్థలానికి పేరు రాయించుకోవడమే పెద్ద గొడవయింది. ఆమె భర్త సీతారామాంజనేయులు ఐదేళ్ళ కిందట తన వాటా అమ్మి, రెడ్డిగూడెం పక్కన పదెకరాల తోటలు పూత మీద కొన్నాడు. పూత మీద కొనడమంటే కాయ కనపడకముందే, పువ్వు చూసి బేరం చేయడం. ఆ ఏడు పూతంతా నల్ల పురుగు తిన్నది, మిగిలింది వాన రాల్చింది. అప్పటి నుంచి అన్నగారు ఉమాపతి తోటలోనే పని. ఉండడం అన్నగారింటి వెనక, గేదెల చావిడికి రేకులు దించి కట్టిన ఒక్క గదిలో. అద్దె లేదు. అద్దె లేదన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. తోడికోడలికి మోకాళ్ళు నొప్పులు కాబట్టి వంట సౌభాగ్యం చేస్తుంది. కాయ కోతలప్పుడు కూలీలకీ ఆమే వండుతుంది. మధ్యాహ్నం చెట్ల కింద కూర్చుని బంగినపల్లి ఒక గుట్ట, రసాలు ఒక గుట్ట, కలెక్టర్ కాయ ఒక గుట్ట వేరుచేసి, మచ్చ ఉన్నవి ఏరి, ట్రేల్లో సర్దుతుంది. పక్కన అదే పని చేసే ఆడవాళ్ళకి సాయంత్రం కూలి ఇస్తారు. ఆమెకి రెండు మచ్చకాయలు ఇచ్చి "పిల్లకి పట్టుకెళ్ళమ్మా" అంటారు. ఇంటి మనిషి కదా.

ఇళ్ళ స్థలాలకి పేర్లు రాస్తున్నారని తెలిసినప్పుడు ఆమె అత్తగారితో మెల్లిగా అంది. బసవమ్మ మండిపడింది. "ఈదరవాళ్ళం పోయి కాలనీ ఇంటికి పేరు రాయించుకోవడం ఏంటే? మీ మావగారుంటే ఊరుకునేవారా? రేపు నా పెద్ద మనవరాలికి సంబంధం చూసేవాళ్ళు, వీళ్ళ బాబాయి వాళ్ళు కాలనీలో ఉంటారంట అని చెప్పుకుంటే ఎట్టా ఉంటదో ఆలోచించావా?" భర్త వైపు చూసింది సౌభాగ్యం. ఆయన కాలి వేలితో నేల మీద ఏదో గీస్తూ నిలబడ్డాడు. మర్నాడు ఆమె ఒక్కతే సచివాలయానికి వెళ్ళి, వరసలో నిలబడి, ఆధార్ కార్డు కాగితం ఇచ్చి వచ్చింది. పెళ్ళయ్యాక ఆమె ఎవరితోనూ చెప్పకుండా చేసిన మొదటి పని అది. ఇంటికి వచ్చాక పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

పట్టా ఆడవాళ్ళ పేరునే ఇస్తామన్నారు. సర్కారుకి ఆడవాళ్ళ మీద ప్రేమ పొంగుకొచ్చి కాదు. మగవాడి పేరున ఇస్తే నెల తిరక్కుండా తెల్లకాగితం మీద రాసి అమ్మేస్తాడని వాళ్ళకీ తెలుసు. ఊరికి దూరంగా, ఎవరూ సాగు చేయని పల్లంలో స్థలాలు కొలిచి, ముందు పెద్ద ఆర్చీ కట్టి, ఆర్చీ మీద బొమ్మలు వేశారు. ప్రభుత్వం మారితే బొమ్మలూ మారాయి. పల్లం మాత్రం మారలేదు, నాలుగు చినుకులు పడితే మోకాల్లోతు నీళ్ళు. ఇచ్చే డబ్బులు పునాదికి సరిపోతే గోడలకి సరిపోవు. సగం మంది పునాది దగ్గరే ఆగిపోయారు, వాటిలో తుమ్మ మొక్కలు మొలిచాయి. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని, చెవులకున్నవి కుదువపెట్టి పైకి లేపినవాళ్ళంతా ఆడవాళ్ళే. ఇంత చేస్తే రెండు గదులు, ఒక వంటగది. అయినా సరే, సాయంత్రం ఆ గోడల మధ్య నిలబడితే, ఎవరూ పిలవరన్న నమ్మకంతో ఒక మనిషి నిలబడగలిగే చోటు అది. అలాంటి చోటు తనకి ఇదివరకు లేదన్న సంగతి, అక్కడ నిలబడ్డాకే సౌభాగ్యానికి తెలిసింది.

బిల్లు రావాలంటే ఒక్కో దశలో ఫొటో తీయాలి. పునాదికొకటి, గోడలకొకటి, శ్లాబుకొకటి. ఇంటి ముందు లబ్ధిదారు నిలబడాలి, ఫోను ఆ చోటుతో సహా ఫొటో పట్టుకుంటుంది. మొదటిసారి రవితేజ ఫోను ఎత్తేసరికి ఉమాపతి పంచె సర్దుకుని మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు, ఆయన పక్కన తమ్ముడు, చివర ఎక్కడో సౌభాగ్యం.

"సార్, మీరిద్దరూ కొంచెం పక్కకి రండి. మేడం ఒక్కరే ఉండాలి."

"నేను ఇంటి పెద్దని కదయ్యా."

"అవునండీ. కానీ యాప్ ఒప్పుకోదు."

పక్కకి తప్పుకోమని ఆ ఇద్దరికీ చెప్పగలిగినవాడు ఇన్నేళ్ళకి ఒకడు దొరికాడు, వాడు కూడా నెపం ఫోను మీద పెట్టాడు. సౌభాగ్యం చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడింది. "నవ్వండి మేడం" అన్నాడు రవితేజ. మూడో ఫొటోకి గానీ ఆమెకి నవ్వడం రాలేదు.

ఉగాది వెళ్ళిన వారానికి ప్లాస్టరింగ్ అయింది, సున్నం వేశారు. గుమ్మం పక్కన గోడ మీద నెంబరూ, లబ్ధిదారు పేరూ రాయాలని రవితేజ పెయింటరుని పంపాడు. అతను కాగితం చూసుకుంటూ నీలం రంగుతో గుండ్రంగా రాసి వెళ్ళాడు. ఆ సాయంత్రం గృహప్రవేశానికి ముహూర్తం మాట్లాడుకుంటూ ఉమాపతీ, సీతారామాంజనేయులూ స్కూటర్ మీద వచ్చారు. ఉమాపతి స్కూటర్ దిగలేదు. అలా చూస్తూనే ఉండిపోయాడు.

ప్లాటు నెం. 47. దొండపాటి సౌభాగ్యలక్ష్మి.

"ఇదేంట్రా?" అన్నాడు చివరికి. "దొండపాటి ఏంటి? ఎవరిదీ ఇల్లు?"

దొండపాటి సౌభాగ్యం పుట్టింటి పేరు. సీతారామాంజనేయులు భార్య వైపు తిరిగాడు. "పెయింటరు తప్పు రాశాడా?"

"లేదండీ. ఆధార్‌లో అట్టాగే ఉంది. పట్టాలోనూ అట్టాగే ఉంది."

పదమూడేళ్ళుగా ఆ కార్డు ఇంట్లోనే ఉంది. బియ్యానికి వాళ్ళే పట్టుకెళ్ళారు, గ్యాసుకి వాళ్ళే పట్టుకెళ్ళారు, డ్వాక్రా అప్పుకి జిరాక్సులు వాళ్ళే తీయించారు. నెంబరు చూశారు, ఫొటో చూశారు. పేరు ఎవరూ చదవలేదు.

దాని కథ చాలా చిన్నది. కూతురు కీర్తిప్రియ కడుపులో ఉన్నప్పుడు సౌభాగ్యం పురిటికి పుట్టింటికి వెళ్ళింది. అప్పుడే ఆ ఊరి బడిలో ఆధార్ క్యాంపు పెట్టారు. కార్డు లేకపోతే ఆస్పత్రిలో డబ్బులు రావన్నారు. ఎనిమిదో నెల కడుపుతో ఆమె వరసలో నిలబడితే, వాళ్ళ నాన్న గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆయన జీవితమంతా ఇతరుల తోటల్లో కాపలా కాసిన మనిషి. కూతురికి సెంటు భూమి ఇవ్వలేకపోయానని పెళ్ళిలో నలుగురి ముందూ తల వంచుకుని కూర్చున్న మనిషి. కంప్యూటరు ముందున్న పిల్లవాడు "ఇంటి పేరు?" అన్నాడు. సౌభాగ్యం నోరు తెరిచేలోపే నాన్న అలవాటు కొద్దీ "దొండపాటి" అనేశాడు. వెంటనే నాలుక కరుచుకుని, "పెళ్ళయిందమ్మా, మార్చమందామా?" అన్నాడు కంగారుగా. వేలిముద్రల కోసం తడిగుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ ఆమె, "ఉండనీలే నాన్నా, ఇప్పుడు ఇక్కడే ఉన్నాగా" అంది. ఆయన ఇంటికి వెళ్ళేదాకా గొడుగు మొత్తం ఆమె వైపే పట్టాడు. మరుసటి ఏడు పోయాడు.

ఇంటి పేరు అంటారు. ఇల్లు అన్న మాట అందులోనే ఉంది. అయినా ఆడదానికి ఆ పేరు మారుతుంది గానీ ఇల్లు రాదు. పుట్టినప్పుడు ఒకరిది తగిలిస్తారు, పెళ్ళిలో తీసి ఇంకొకరిది తగిలిస్తారు, సంతలో గేదెకి పలుపు మార్చినట్టు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయరు. గేదెని అమ్మేవాడు కూడా ఏడుస్తాడు కదా.

రెండు రోజుల్లో ఉమాపతి మీ సేవలో ఒక ఫారం పూర్తి చేయించి తెచ్చాడు. ఆధార్‌లో ఇంటి పేరు ఈదర అని మార్చుకోవడానికి. కింద సంతకం ఒక్కటే తక్కువ. "పెట్టెయ్యమ్మా, గృహప్రవేశం లోపు గోడ మీద కూడా మార్పించేద్దాం" అని ఫ్రిజ్ మీద పెట్టాడు. సౌభాగ్యం ఇవాళ రేపు అంటూ వారం గడిపింది. రోజూ ఫ్రిజ్ తీస్తున్నప్పుడల్లా అది కనపడేది. పెడితే ఏం పోతుంది అనుకునేది. ఒక గీత. పదిహేనేళ్ళుగా ఇంతకంటే పెద్దవి వదులుకోలేదా? కుట్టు మిషను వదులుకుంది, డిగ్రీ మూడో ఏడు పరీక్షలు వదులుకుంది, ఉదయం కాఫీ కూర్చుని తాగడం వదులుకుంది. వాటిలో ఏదీ అడిగి తీసుకోలేదు ఎవరూ. దీన్ని మాత్రం అడుగుతున్నారు. అడుగుతున్నారంటే, ఇవ్వకపోవడానికి కూడా వీలుందనే కదా. ఆ ఆలోచన వచ్చిన రోజున ఆమెకి భయం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. సౌభాగ్యం వడ్డిస్తోంది. ఉమాపతి మామిడికాయ పప్పు కలుపుకుంటూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"ఒరేయ్, కాలనీ ఇల్లు రోడ్డుకి దగ్గర కదా. ఈ సీజన్‌కి ట్రేలూ, కాయలూ అక్కడ పెడదాం. లారీ గుమ్మం దాకా వస్తది. షెడ్డుకి కట్టే అద్దె మిగులుద్ది."

"మరి మేమో?" అన్నాడు సీతారామాంజనేయులు.

"మీకేం, ఇక్కడ లేదా? గృహప్రవేశం చేసి పాలు పొంగించండి, కాదన్నానా. ఉండడం మాత్రం ఇక్కడే. మీ వదిన మోకాళ్ళతో ఇంతమందికి వండుద్దా? సౌభాగ్యం లేకపోతే ఈ ఇల్లు నడుస్తదా చెప్పు." మెచ్చుకున్నాననుకుని మరదలి వైపు చూసి నవ్వాడు. "ఆ ఫారం మీద సంతకం పెట్టావామ్మా?"

అప్పటికి ఆమె చేతిలో పప్పు గిన్నె ఉంది. గరిటె గిన్నెలో పెట్టింది.

"పెట్టనండీ బావగారూ."

"ఇవాళ కాకపోతే రేపు పెట్టు."

"రేపూ పెట్టను. ఆ పేరు అట్టాగే ఉంటది. ముహూర్తం రోజున వెళ్ళి అక్కడే ఉంటాం మేము. కాయలకి వేరే చోటు చూసుకోండి." ఆ వెంటనే, అలవాటు కొద్దీ, "ఇంకొంచెం పప్పు వెయ్యమంటారా?" అంది.

ఉమాపతి విస్తరి ముందు నుంచి లేచాడు. "చూశావామ్మా," అన్నాడు తల్లితో, "నెత్తిన పెట్టుకున్నందుకు! మన గోడ మీద వాళ్ళ నాన్న పేరు రాసుకుంటదంట. సరే, రాసుకోమను. ఈదరవారి గడప నుంచి ఒక్కరు కూడా ఆ ఇంటికి రారు." బసవమ్మ కోడలి వైపు చూసి, "ఎంత మాటన్నావే!" అంది. తలవంచుకుని, మజ్జిగన్నం మెల్లిగా తినడం మొదలుపెట్టింది.

సాయంత్రం చావిడి గదిలో సీతారామాంజనేయులు మంచం పట్టె మీద కూర్చున్నాడు. భార్య బట్టలు మడతపెడుతోంది.

"అన్నయ్య ముందు అట్టా అనాలా?"

"ఎట్టా అనాలో చెప్పండి. ఇంకోసారి అట్టానే అంటాను."

"నాకు ఆ పేరు మీద ఏం లేదే. నలుగురూ నవ్వుతారని."

"పూత మీద తోటలు కొన్నప్పుడు నవ్వలేదా నలుగురూ?"

అన్నాక ఆమెకే మనసు చివుక్కుమంది. ఐదేళ్ళలో ఆ మాట ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. మంచి మనిషే. కొట్టడు, తాగడు, తిట్టడు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ వెనక నిలబడతాడు, అంతే. ఇన్నేళ్ళలో ఆమె వెనక ఎప్పుడూ నిలబడలేదు. ఎందుకంటే ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ఈ సంగతి తట్టి ఆమె మడతపెడుతున్న చొక్కాని ఒళ్ళోనే ఉంచేసుకుంది.

ఆయనే మళ్ళీ అన్నాడు. "పట్టా నా పేరున ఇచ్చుంటే, ఈపాటికి ఉండేది కాదే. తోటలు కొన్న అప్పులోకి ఎప్పుడో పోయేది. నాకు తెలుసు."

"మీకు తెలుసని నాకు తెలియదు" అంది సౌభాగ్యం. లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

వైశాఖంలో ముహూర్తం. ఉమాపతి అన్నంత పనీ చేశాడు. ఊళ్ళో వాళ్ళకి ఎవరికి పిలుపు వెళ్ళినా, అన్నగారు వెళ్తున్నాడా అని వాకబు చేసి ఆగిపోయారు. పొద్దున ఏడింటికి కాలనీలో ఇంటివాళ్ళంటూ ఉన్నది కీర్తిప్రియ, సీతారామాంజనేయులు, సౌభాగ్యం. పురోహితుడు గంట ముందే మంత్రాలు చదివి, వేరే ముహూర్తం ఉందని బండెక్కి వెళ్ళిపోయాడు. గుమ్మానికి మామిడాకులు తబితా కట్టింది. నలభై మూడో నెంబరు నుంచి రిబ్కమ్మ బల్ల తెచ్చింది, పై వరసలో వాళ్ళు గ్లాసులు తెచ్చారు. ఎవరికీ చెప్పకుండానే ఎవరి సామాను వాళ్ళు మోసుకొచ్చారు. తమ ఇళ్ళల్లో కొన్ని ఇంకా పునాది దగ్గరే ఉన్నాయి, అయినా ఒక ఇంట్లో పాలు పొంగితే కాలనీ మొత్తానికి పొంగినట్టే అనుకున్నారు కాబోలు. తబితా తెచ్చిన స్టవ్వు మీద పాలు పొంగించి అందరూ బయట నీడలో నిలబడ్డారు.

"ఏం అక్కా, సోమవారం నుంచి షెడ్డుకి వస్తారా? గ్రేడింగుకి మనుషులు కావాలంట. మేనేజరుకి చెప్పాను, ఆమె చెయ్యి పడితే కాయ మాట్లాడుద్దని" అంది తబితా.

"కూలి ఇస్తారా, మచ్చకాయలు ఇస్తారా?"

"మచ్చకాయలు నేనిస్తాలే, పచ్చడికి."

ఆడవాళ్ళంతా నవ్వారు. సౌభాగ్యం పాలు గ్లాసుల్లో పోయడానికి లోపలికి వెళ్ళింది. సీతారామాంజనేయులు స్టవ్వు సిలిండరు భుజాన వేసుకుని లోపలికి రాబోతుంటే కీర్తిప్రియ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఆగు నాన్నా. పెళ్ళిలో పేరు చెప్పి లోపలికి రమ్మంటారుగా. చెప్పు."

"బరువుగా ఉందే, తప్పుకో."

"చెప్పి రా."

కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ గుమ్మంలో ఒకరి పేరొకరు చెప్పే ఆ ముచ్చట ఆయనకి పదిహేనేళ్ళ కిందట జరిగింది. ఆ తర్వాత ఆయన భార్య పేరు పలికిందే లేదు. ఇదిగో అంటాడు, ఏమే అంటాడు, పిల్ల పుట్టాక కీర్తీ అని పిలిస్తే ఇద్దరూ పలికేవారు. "సౌభాగ్యలక్ష్మీ, నేనూ వచ్చాం" అన్నాడు గొణుగుతూ.

"అమ్మ లోపలే ఉంది. ఇంటి పేరుతో చెప్పు. ఎవరింటికి వచ్చావు?"

ఆయన ఒకసారి రోడ్డు వైపు చూశాడు. ఎవరూ లేరు. మెడ నరాలు ఉబ్బేలా సిలిండరు సర్దుకుని, "దొండపాటి సౌభాగ్యలక్ష్మి గారింటికి వచ్చాను. ఈదర సీతారామాంజనేయుల్ని. ఇక చాలా?" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సౌభాగ్యానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొగ లేని స్టవ్వు మీద నెపం పెట్టడానికి కూడా వీల్లేకపోయింది.

అప్పుడే ఆర్చీ దగ్గర ఆటో ఆగింది. అందులోంచి బసవమ్మ ఒక్కతే దిగింది. పెద్ద కొడుకు తోటకి వెళ్ళేదాకా ఆగి, షేర్ ఆటో ఎక్కి వచ్చినట్టుంది, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. చేతిలో చిన్న సంచి, అందులో పసుపు, కుంకుమ, ఒక కొత్త జాకెట్టు గుడ్డ. గోతులు చూసుకుంటూ మెల్లిగా నడిచి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. తబితా చెయ్యి అందిస్తే ఒక్క క్షణం తటపటాయించింది, తర్వాత పట్టుకుని మెట్టెక్కింది. కానీ లోపలికి రాలేదు. గోడ మీద నీలం అక్షరాల దగ్గర ఆగి, మూడో తరగతి దాకా చదివిన చదువంతా కూడగట్టుకుని, వేలు గాలిలో కదుపుతూ ఒక్కో అక్షరం చదువుకుంది. చదవడం అయిపోయాక కూడా వేలు దించలేదు.

సౌభాగ్యం వంటింటి గుమ్మం నుంచి ముందు గదిలోకి వచ్చింది. ఇక్కడ, వీళ్ళందరి ముందు, ఆ నోటి నుంచి ఏం వస్తుందో.

"నాన్నమ్మా, నువ్వు కూడా పేరు చెప్పి రావాలి" అంది కీర్తిప్రియ, గుమ్మానికి మళ్ళీ చేతులు అడ్డం పెడుతూ. సీతారామాంజనేయులు లోపలి నుంచి "ఏయ్, నాన్నమ్మతో ఏంటే ఆటలు" అని కసిరాడు.

బసవమ్మ ఆ మాట విన్నట్టు లేదు. వేలు దించి, కొంగు నిండుగా కప్పుకుని, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల నిలబడినట్టు గుమ్మం ముందు నిలబడింది. పాతకాలం ట్రంకు పెట్టె అడుగున ఏదో వెతుకుతున్నదానిలా కళ్ళు మూసుకుంది.

"ఉంగుటూరు సూరపనేని వారి పిల్లని," అంది, కళ్ళు తెరిచి కోడలి వైపు చూస్తూ. "సూరపనేని బసవమ్మని. రానిస్తావా అమ్మాయ్?"

పదిహేనేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆ పేరు వినడం సౌభాగ్యానికి అదే మొదటిసారి. అడగాలని తనకీ ఎప్పుడూ తోచలేదు.